ఎవరో గేటు వేశారు

గాలి.

ఊదారంగు పొదల మీదుగా, అడ్డుకునే చెట్టు ఒక్కటీ లేక, ఎక్కణ్ణించి బయల్దేరిందో ఎక్కడికి పోతుందో చెప్పకుండా వీచే గాలి. లొరైన్ కారు తలుపు కాస్త తెరిచిందో లేదో, చేతిలోంచి లాగేసుకుంది.

ఆమె దిగలేదు. అలాగే కూర్చుంది. గాలి లోపలికొచ్చి ఒళ్ళో కూర్చుంటే కూర్చోనిచ్చింది.

"చూశావా, ఎంత బాగుందో," అన్నాడు మాల్కమ్.

బాగుంది. ఆగస్టులో మూర్ బాగుండక ఏం చేస్తుంది... చెట్టూ చేమా లేని ఎత్తు బీడు. ఏడాదంతా ముఖం మాడ్చుకుని గోధుమరంగులో పడుండే నేల, ఈ కాసిని రోజులూ పెళ్ళికి పిలిచినట్టు తయారవుతుంది. కనుచూపు మేరా ఊదారంగు హెదర్ పూత. పూత మీద తేనెటీగలు. లోయలో ఎర్ర పెంకుల ఇళ్ళు, నాలుగు పొగగొట్టాలు, ఒక చర్చి.

బాగుందని తెలుస్తోంది. బాగున్నట్టు అనిపించడం లేదు.

ఒక రాత్రి నిద్రతో పోయే అలసట కాదు అది. ఏడాది పైబడి పేరుకున్నది. మోకాళ్ళలో ఉంది. కనురెప్పల వెనక ఉంది. స్నానాల గదిలోకి పోయి, గడియ పెట్టుకుని, తొట్టి అంచు మీద ఊరికే కూర్చునే అలవాటులో ఉంది.

ఆ అలసటకి ఒక పేరు కూడా ఉంది. కీలీ. ఎనిమిదేళ్ళ పిల్ల.

కీలీ వాళ్ళ కూతురు కాదు. కన్నతల్లి చూసుకోలేని స్థితిలో ఉంటే, సర్కారువాళ్ళు తెచ్చి అప్పజెప్పిన పిల్ల. లొరైన్, ఆమె భర్త మాల్కమ్ అలాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకుతారు. కొందరు వారం ఉంటారు, కొందరు నెల, కొందరు క్రిస్మస్ దాటేదాకా. కీలీ కూడా అలాగే ఒక సంచితో వచ్చింది. వచ్చి ఉండిపోయింది.

ఉండిపోయింది అనడం తప్పు. కీలీ ఎప్పుడూ ఉండలేదు. పారిపోతూ ఉంది.

కాస్త ఏమారితే చాలు. గుమ్మం దాటేది, వీధి దాటేది, నది మీద వంతెన దాటేది. అవతల పాత ఫ్లాట్లలో, వాళ్ళమ్మతో ఒకప్పుడు ఉన్న వాటా ముందు, మెట్ల మీద కూర్చునేది. ఆ తలుపు వెనక ఇప్పుడు వాళ్ళమ్మ లేదు. వేరెవరో ఉన్నారు. వాళ్ళూ విసుక్కోవడం మానేశారు. లొరైన్ వెళ్ళేది. పక్కన కూర్చునేది. "రా, పోదాం పద," అనేది. తెచ్చేది.

మళ్ళీ పోయేది... మళ్ళీ తెచ్చేది.

ఇంట్లో పగిలిన కంచాల సంగతి వేరు. తలగడ కింద దాచిన రొట్టెముక్కల సంగతి వేరు. తెల్లవారుజామున ఇల్లంతా లేచిపోయేలా పెట్టే కేకల సంగతి వేరు. అవన్నీ ఓర్చుకుంది. ఆ మెట్లే ఓర్చుకోలేకపోయింది. ఎంత చేసినా తన ఇల్లు ఆ పిల్లకి దారిలో తగిలిన సత్రం.

సోమవారం చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా కీలీని ఉంచుకుంటారా, లేదా. లేదంటే వేరే ఊళ్ళో వేరే ఇల్లు చూస్తారు. నింపాదిగా ఆలోచించుకోండి, కాస్త విశ్రాంతి తీసుకోండి అని, పిల్లని పక్క ఊరు బెవర్లీలో ఇంకో సాకే తల్లి దగ్గర దింపి, వీళ్ళని ఇలా పంపించారు.

విశ్రాంతి. ఆ మాట వింటేనే లొరైన్‌కి ఇంకాస్త అలసట కలిగింది.

*

ఆ శుక్రవారం, బస చేసిన హాగ్‌బెక్ ఊరంతా తిరిగారు. తిరగడానికి ఎంతుంది గనక. రాతి గోడలు, గోడల మీద గులాబీలు. ఊరి మధ్య పచ్చిక, పచ్చిక మీద తమ సొత్తన్నట్టు గొర్రెలు. ఒక గొర్రె బస్సు ఆగే చోట నిలబడి ఉంది, బస్సు ఆలస్యమైనట్టు. మాల్కమ్ ఫోటో తీశాడు. లొరైన్ నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం ఆమెకి ఇంకా గుర్తుంది.

ఊరు దాటి మూర్ మీదికి నడిచారు. వాన పడి చాలా రోజులైంది. కాలిబాట దుమ్ము రేగుతోంది. ఎత్తులో ఊటలు ఎండి, నల్లటి మట్టి పెచ్చులు పెచ్చులుగా విరిగి ఉంది. పొదల్లోంచి గ్రౌజ్ కోడి ఒకటి లేచి, రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. పో, వెనక్కి పో, వెనక్కి పో అంటుందట అది. ఇక్కడి వాళ్ళందరికీ అలాగే వినిపిస్తుంది.

బీడు అంచున రాతి గోడ. గోడకి గేటు. గేటు బార్లా తెరిచి ఉంది.

"ఎవడో దద్దమ్మ తెరిచి పోయాడు," అన్నాడు మాల్కమ్.

అతని చిన్నప్పుడు వాళ్ళ ఊరు హల్‌లో బడిపిల్లలందరికీ నూరిపోసిన నీతి ఒకటే. పల్లెకి వెళ్తే గేటు వేసి రా. తర్వాతెప్పుడో ఆ మాట మార్చారు. ఎలా ఉన్న గేటుని అలా వదిలెయ్యమన్నారు. అప్పటికి మాల్కమ్ బడి వదిలేశాడు.

గేటు కింద ఒక రాయి అడ్డం పెట్టి ఉంది. స్తంభానికి తాడు కట్టి ఉంది. మాల్కమ్ తాడు విప్పాడు. రాయి దొర్లించాడు. గేటు మూశాడు. అదే తాడుతో, ఒకప్పుడు రేవులో పడవలు కట్టిన చేత్తో, బిగించి ముడి వేశాడు. చేతులు దులుపుకున్నాడు. మంచి పని చేసినవాడి ముఖం అతనిది.

లొరైన్ ఆ రాయిని చూసింది. తెరిచి మర్చిపోయినవాడు రాయెందుకు పెడతాడు... ఆ ప్రశ్న వచ్చింది. అడగడానికి ఓపిక లేక ఊరుకుంది.

*

శనివారం పొద్దున, బస చేసిన ఇంట్లో ఇంటావిడ పళ్ళెం నిండా పెట్టింది. గుడ్లు, సాసేజీలు, వేయించిన రొట్టె. లొరైన్ కత్తీ ఫోర్కూ పట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరూ కేక పెట్టకపోతే నిద్ర ఎలా పడుతుందో ఆమె మర్చిపోయింది.

"చెప్పెయ్," అంది.

మాల్కమ్ ఏం చెప్పాలని అడగలేదు. అతను నెలల తరబడి ఈ మాట కోసమే చూస్తున్నాడు, ఈ మాటకే భయపడుతున్నాడు.

"నిజంగానా?"

"అలసిపోయామని చెప్పు. ఇంక మావల్ల కాదని చెప్పు. చెడ్డపిల్లని మాత్రం అనకు."

"అంటానా నేను?"

"అనవు. అయినా చెప్తున్నా."

లోయలో ఫోను పనిచెయ్యదు. మాల్కమ్ కారేసుకుని కొండ మీదికి వెళ్ళాడు. టీ చల్లారిపోయాక తిరిగొచ్చాడు.

"చెప్పేశాను. ఆఫీసులో ఎవరూ లేరు. మెషీన్లో చెప్పి పెట్టాను. సోమవారం వింటారు."

సరే అంది లొరైన్. బరువు దిగుతుందని చూసింది. ఇప్పుడు దిగుతుంది... ఇదిగో, ఇప్పుడు... గుడ్డు తిన్నది. సాసేజీ తిన్నది. ఏమీ దిగలేదు. పైగా ఏడుపొచ్చింది, సాసేజీకి రాసుకున్న ఆవముద్ద ఘాటెక్కినట్టు కళ్ళు తుడుచుకుంది.

*

చూడ్డానికి వచ్చారు కాబట్టి ఇంకో ఊరు చూశారు. స్కెల్‌థార్ప్. అది ఇంకా ముద్దుగా ఉంది. వాగు రోడ్డు మీదుగానే పారుతుంది, దాటడానికి నున్నటి రాళ్ళు వేసి ఉన్నాయి, బాతులు ఆ రాళ్ళ మీదే ఎండ కాగుతున్నాయి. టీ దుకాణంలో కిటికీ పక్క బల్ల దొరికింది. స్కోన్ బన్నులు వచ్చాయి, జామూ మీగడా వచ్చాయి. కీలీకైతే జామ్ ముక్కుదాకా అంటుకునేది అనుకుంది లొరైన్. అనుకుని, తన మీద తనకే కోపమొచ్చింది.

పక్క బల్ల దగ్గర వడ్డించే పిల్ల ఆర్డరు రాసుకుంటూ ఎవరితోనో అంటోంది.

"పెగ్గీ డౌసన్ గొర్రెలు రోడ్డెక్కాయంట. నీళ్ళకి దిగే గేటు ఎవరో వేసేశారంట."

"ఎవరో ఏంటి, పట్నం వాళ్ళే అయ్యుంటారు. వాళ్ళ ఇంటి తలుపులు కూడా అంత జాగ్రత్తగా వేసుకోరు."

మాల్కమ్ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. లొరైన్ అతని వంక చూసింది. స్కోను సగం వదిలేసి లేచింది.

"పద," అంది. "వెళ్ళి చెప్దాం."

*

పెగ్గీ డౌసన్ దారిలోనే తగిలింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, పక్కన నలుపూ తెలుపూ కుక్క. రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తి కారాపింది.

"మెల్లిగా పోండి. ముందర గొర్రెలున్నాయి. ఎవడో పుణ్యాత్ముడు గేటు వేసి పోయాడు."

"నేనే," అన్నాడు మాల్కమ్ దిగుతూ.

పెగ్గీ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ముడి కూడా నువ్వే వేశావా?"

"నేనే."

"మంచి ముడి. కత్తి పెట్టి కొయ్యాల్సొచ్చింది." తర్వాత లొరైన్ వైపు తిరిగింది. "నువ్వు చూస్తూ ఊరుకున్నావా అమ్మాయ్?"

"ఊరుకున్నాను," అంది లొరైన్.

"సరే. సిగ్గు పడింది చాలు, చెయ్యి సాయం పట్టండి."

సంగతి ఇదీ. ఎగువన ఊటలు ఎండిపోయాయి. కింద గోడ లోపల వాగుంది. రోజూ గొర్రెలు దిగి, నీళ్ళు తాగి, మళ్ళీ పైకి పోతాయి, అందుకని గేటు తెరిచి రాయి పెట్టింది. రాత్రి అవి దిగివస్తే గేటు మూసుంది. పాత గొర్రెలు అక్కడే నిలబడ్డాయి. నాలుకలు పిడచగట్టుకుపోయి అరిచాయి గానీ కదల్లేదు. పుట్టింది ఆ బీడు మీద, తల్లి వెంట తిరిగి నేర్చుకున్నది ఆ బీడు. కంచె లేకపోయినా హద్దు దాటవు. ఆ నేలకి మరిగినవి.

కొత్తవి మాత్రం పోయాయి. కిందటేడు జబ్బుతో మంద సగమైతే, పెగ్గీ వేరే లోయ నుంచి కొని తెచ్చిన గొర్రెలవి.

"ఎక్కడికి పోయాయి?" అన్నాడు మాల్కమ్.

"వచ్చిన చోటికి. ఇంకెక్కడికి పోతాయి."

మాల్కమ్‌ని రోడ్డు వైపు పంపింది. కుక్కని ఎగువకి పంపింది. లొరైన్‌ని ఒక పల్లపు దారి దగ్గర నిలబెట్టింది.

"నువ్విక్కడుండు. ఏం చెయ్యక్కర్లేదు. లావుగా కనబడు, చాలు."

"అదొక్కటీ నాకు బాగా వచ్చు," అంది లొరైన్.

ఎన్నాళ్ళకి వేసిన జోకో అది. పెగ్గీ గుర్రుమని నవ్వింది.

గొర్రెలు వచ్చాయి. గాలికి ఎదురుగా, తలలు వంచుకుని, పట్టుదలగా. లొరైన్ చేతులు బార్లా చాచి నిలబడింది. గొర్రెలు ఆగాయి. చూశాయి. వెనక్కి తిరిగాయి. ఒక్కటి తిరగలేదు. చెవి చిరిగిన ఆడగొర్రె. ఆమె కళ్ళలోకి చూసింది. కుడివైపు పోయింది — లొరైన్ కుడివైపు జరిగింది. ఎడమకి పోయింది — ఎడమకి జరిగింది. పోయినట్టే పోయి, పొదల చాటునుంచి మళ్ళీ వచ్చింది.

మళ్ళీ వచ్చింది... మళ్ళీ మళ్ళేసింది.

మోకాళ్ళు సలుపుతున్నాయి. హెదర్ కొమ్మలు పిక్కల్ని గీరుతున్నాయి. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. నోరెండిపోయింది. ఒక దశలో కోపమొచ్చి, ఇక్కడేం తక్కువైందే నీకు, అని పెద్దగా అరిచింది. గొర్రె చెవులాడించింది. అప్పుడు ఆమెకే తెలియకుండా ఆమె గొంతు తగ్గింది.

"రా," అంది. "పోదాం పద."

గొర్రె ఆ మాటకే తిరిగిందని చెప్తే అబద్ధం. కుక్క వచ్చాకే తిరిగింది.

*

నీళ్ళు తాగిన మంద మళ్ళీ బీడెక్కింది. ముగ్గురూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. పెగ్గీ ఫ్లాస్కు మూతలో టీ పోసి లొరైన్‌కి ఇచ్చింది.

"ఇలా ఎన్నాళ్ళు తోలాలి?"

"మరిగేదాకా."

"అంటే?"

"అంటే అంతే. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి. అవి పోతుంటాయి, నేను తెస్తుంటా. నిన్నటికి కాస్త కుదురుకున్నాయనుకున్నా. మీ ఆయన ముడితో మళ్ళీ మొదటికొచ్చింది."

మాల్కమ్ తల దించుకున్నాడు.

"విసుగు రాదా?" అంది లొరైన్.

"రాకేం. ఛస్తున్నా. పైకెక్కేటప్పుడు తిడతా, దిగేటప్పుడు తిడతా. తిట్టుకుంటూనే తెస్తా. దానికేం తెలుస్తుంది నా తిట్లు."

గాలి టీ మీది ఆవిరిని ఎత్తుకుపోయింది. లొరైన్ అడగకూడదనుకుంది. అడిగింది.

"ఎప్పటికీ మరగకపోతే?"

"అమ్మేస్తా. కొన్ని మరగవు అమ్మాయ్. అందులో దాని తప్పూ లేదు, నా తప్పూ లేదు."

ఆ మాట లొరైన్‌కి కావాలి. ఎవరో ఒకరు అనాలని ఏడాదిగా ఎదురుచూసిన మాట. ఎవరి తప్పూ లేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో దాన్నే లోలోపల అనుకుంటూ కూర్చుంది. ఎవరి తప్పూ లేదు. పర్వాలేదు. కొన్ని మరగవు.

ఆ కాసేపూ, నిజంగానే, బరువు దిగినట్టే అనిపించింది.

*

ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీ కోసమే చూస్తున్నానమ్మా. హల్ నుంచి మీ పక్కింటావిడట. ఒకటే ఫోన్లు."

నడవలో, కోట్లు తగిలించే కొక్కేల కింద, ఆ ఇంటి ఫోను. లొరైన్ పక్కింటి నంబరు నొక్కింది.

"షీలా?"

"కంగారు పడకు," అంది షీలా కంగారుగా. "పిల్ల బాగానే ఉంది. బెవర్లీ వాళ్ళు ఊరంతా గాలిస్తుంటే ఇది ఇక్కడికొచ్చి కూర్చుంది. ఎవరో పెద్దావిడ వెనకాలే, ఆవిడ మనవరాలన్నట్టు బస్సెక్కేసిందట. చూడు దాని తెలివి. నేను చెత్త పారెయ్యడానికి బయటికొస్తే మీ గుమ్మం మీద కనబడింది. ఎప్పట్నుంచి కూర్చుందో ఏమో. వాళ్ళకి చెప్పాను, బయల్దేరారు."

"వంతెన అవతలికి పోలేదా?"

"లేదే. ఇక్కడే ఉంది. మా ఇంట్లోకి రావే అంటే రానంటుంది. బిస్కెట్ ఇస్తే తీసుకుంది. మీ మెట్టు మాత్రం దిగదు. ఉండు, ఇస్తా."

ఏదో రాసుకున్న చప్పుడు. తర్వాత ఊపిరి. లొరైన్‌కి ఆ ఊపిరి తెలుసు. చీకట్లో దాన్నే వింటూ ఎన్నోసార్లు మంచం పక్కన కూర్చుంది.

"కీలీ?"

మీద పడుతున్న కోటుని పక్కకి తోసి, ఫోను చెవికి అదిమింది.

"కీలీ, వింటున్నావా బంగారం?"

"ఎక్కడున్నారు?"

"చెప్పాంగా. కొండల్లోకి వచ్చాం. రెండు రోజులు."

"తలుపు కొట్టాను."

లొరైన్ గోడ పట్టుకుంది.

"చాలాసేపు కొట్టాను," అంది కీలీ. కోపంగా ఉంది. ఏడవలేదు. తప్పంతా అవతలి వాళ్ళదైనప్పుడు పిల్లలు మాట్లాడే గొంతు. "నేను ఇంటికొచ్చాను. మీరే లేరు."

*

సర్దుకోవడం అనేది జరగలేదు. కుక్కుకోవడం జరిగింది. ఇంటావిడ రొట్టెముక్కల మధ్య జున్ను పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. మాల్కమ్ లొరైన్ ముఖం చూశాడు, తాళాలు తీసుకున్నాడు.

లోయ దాటి కొండెక్కారు. పొద్దు వాలుతోంది. ఊదారంగు పూత మీద నీడలు పొడుగ్గా సాగుతున్నాయి. కొండ మీద, పొద్దున కారాపిన చోటే, మాల్కమ్ మళ్ళీ ఆపాడు.

"పొద్దున నేను చెప్పింది ఆ మెషీన్లోనే ఉంది," అన్నాడు.

"తెలుసు."

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఏం చెప్తావో నీ ఇష్టం. నేను మాత్రం రెండోసారి చెప్పలేను."

నంబరు నొక్కి ఫోను ఆమెకిచ్చాడు. ఆమె కారు దిగింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలీదు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

ఆఫీసు మూసి ఉందనీ, శబ్దం వచ్చాక మాట్లాడమనీ ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. శబ్దం వచ్చింది.

"నేను లొరైన్‌ని. పొద్దున మా ఆయన ఒక మాట చెప్పాడు..."

ఆగింది.

"అలసిపోయామని చెప్పాడు. అది నిజం. అది చెరపకండి. ఇప్పటికీ అలసిపోయే ఉన్నాం. పొద్దుటికంటే ఎక్కువే. కానీ —"

కానీ తర్వాత ఏముందో ఆమె దగ్గర లేదు. ఇంకో పదేళ్ళ పాటు తెల్లవారుజాము కేకలు ఉన్నాయి. పగలబోయే కంచాలున్నాయి. రేపు మళ్ళీ వంతెన అవతలికే పరిగెత్తదని ఎవరు చెప్పగలరు. మోకాళ్ళు చెప్పలేవు. ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

గాలి వీస్తోంది. ఫోన్లోకి వీస్తోంది. ఊళ్ళో తాళం వేసిన గదిలో, ఖాళీ కుర్చీల మధ్య, ఆ మెషీను ఓపిగ్గా గాలిని వింటోంది. సోమవారం ఎవరో వచ్చి, కోటు విప్పి తగిలించి, కాఫీ పక్కన పెట్టుకుని, ఈ గాలినే వింటారు. ఏమని రాసుకుంటారో.

చివరికి మెషీనే విసిగిపోయి మూసుకుంది.

లొరైన్ ఫోను చేతిలోనే పట్టుకుని కారెక్కింది.

"ఏం చెప్పావ్?" అన్నాడు మాల్కమ్.

"పోనీ," అంది. "తొందరగా పోనీ. తలుపు తియ్యాలి."